జెండా, కప్పు, ఎసరు

"మన కాలనీలో ప్రజాస్వామ్యం నేటితో సంపూర్ణమైంది. కనుక ఇకమీదట ఎన్నికల అవసరం లేదు."

ఈ చారిత్రక ప్రకటన చేసింది మా అరుణ కాలనీ కమిటీ అధ్యక్షుడు వీరేశం. వినిపించింది నా మైకు. నా పేరు శివకృష్ణ, నాది టెంటుహౌసు. పెళ్లికైనా, చావుకైనా, విప్లవానికైనా షామియానా నాదే, కుర్చీలు నావే. విరిగి వచ్చే కుర్చీలు ఎక్కువగా విప్లవానివే.

వీరేశం అప్పుడే ఒక దేశం నుంచి తిరిగొచ్చాడు. ఆ దేశపు మైత్రీ సంఘం వాళ్లు విమానమెక్కించి తీసుకెళ్లి, దించి, చూపించి, మళ్లీ ఎక్కించి పంపారు. ఆ దేశం పేరు నేను రాయను. అక్కడ పేరెత్తి తిట్టినా తప్పే, పొగిడినా తప్పే. పొగడ్త చాలలేదంటారు. జెండా ఎర్రగా ఉంటుంది, నాయకుడు ఒక్కడే ఉంటాడు. మీకు అంతవరకు తెలిస్తే చాలు.

మా కాలనీ గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. భువనగిరి ఊరు దాటాక, ఖిల్లా బండకు వెనకవైపు, పాత రాళ్ల క్వారీ పక్కన ఉంటుంది. సర్కారు జాగా. ఏళ్ల కిందట నిలువ నీడలేని మా అందరినీ అక్కడికి తోలుకొచ్చింది వీరేశమే. ఆ మంచి ఆయన ఖాతాలో వేయకపోతే నా కళ్లు పోతాయి. వచ్చిన రోజే ఆయన మాకు మూడు మాటల రాజ్యాంగం నేర్పాడు: జెండా, కప్పు, ఎసరు. ముందు ఎర్రజెండా పాతాలి. దాని పక్కన నాలుగు గుంజలు నాటి, చీరో టార్పాలినో ఏదో ఒక కప్పు వేయాలి. కప్పు కింద మూడు రాళ్లు పెట్టి ఎసరు పెట్టాలి.

"ఎసరు మసిలిందంటే ఆ జాగా మనది. ఎవడొచ్చినా లేపలేడు. పాతిన జెండా పీకినోడు ప్రజాద్రోహి" అన్నాడు వీరేశం.

అందరికంటే ముందు జెండా పాతింది బిక్షమ్మ. రోడ్డు పక్క మూల మీద పాతింది. పోలీసులు లాఠీలతో వచ్చినప్పుడు ఆమె లేవలేదు, అరవలేదు. పొయ్యి ముందు కూర్చుని గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. జమాదారు మూత తీసి చూశాడు. లోపల ఉత్త నీళ్లు మసులుతున్నాయి. ఇంట్లో బియ్యం లేవు మరి. ఆయన మూత పెట్టేసి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. మా కాలనీ పుట్టింది ఆ నీళ్ల మీదే.

సరే, దేశయాత్రకు వద్దాం. వీరేశం మెడలో ఎర్ర రుమాలు, చొక్కాకు ఆ దేశాధినేత బొమ్మ ఉన్న బిళ్ల పెట్టుకుని స్టేజీ ఎక్కాడు. అక్కడి జీవితం గురించి గంటలకొద్దీ చెప్పాడు. అక్కడ దొంగతనాలు లేవట. ఎత్తుకుపోవడానికి ఏముందని ఎవరూ అడగలేదు. అంగళ్ల నిండా పండ్లున్నాయట, జనానికి ఎంత నిగ్రహమంటే ఒక్కరూ కొనడం లేదట. ఈయన వెంట పగలూ రాత్రీ ఇద్దరు కామ్రేడ్లు ఉన్నారట. హోటలు గది తలుపు బయటి నుంచి గడియ పెట్టేవారట.

"అతిథి మీద అంత ప్రేమ" అన్నాడు వీరేశం, మెడలో రుమాలుతో కళ్లొత్తుకుంటూ.

బిక్షమ్మ ముందు వరసలో కూర్చుంది. పత్తి ఏరి ఏరి చేతులు చీరుకుపోయి ఉన్నాయి. ఒళ్లో మనుమరాలు. కొడుకు డానియల్ జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఇక్కడ అత్తాకోడళ్లే, బిక్షమ్మా ఎస్తేరూ.

"అన్నా, గా దేశంల గుడిసెలేసుకున్నోళ్లకు పట్టాలిచ్చిన్రా?" అని అడిగింది బిక్షమ్మ.

"అక్కడ పట్టాలే లేవక్కా. జాగంత ప్రజలదే."

"అంటే మా అసొంటోళ్లదేనా?"

"ప్రజలది."

"మేం గాదా మరి?"

"నువ్వు బిక్షమ్మవు. ప్రజలు వేరు" అన్నాడు వీరేశం ఓపికగా.

మేకల గురవయ్యకు ఇంకో అనుమానం వచ్చింది. "సర్కారు చేసింది నచ్చకపోతే ఎవలికి చెప్పుకుంటరన్నా?"

"అక్కడ నచ్చకపోవుడనే సమస్యనే పరిష్కరించిన్రు."

అందరం చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టామో నాకు ఇప్పటికీ తెలియదు. అలవాటు.

మర్నాటి నుంచి మా కాలనీలో ఆ దేశం మొదలైంది. తెల్లారేసరికి నా మైకు హారన్ల లోంచి ఆ దేశపు గీతం. ఇంటింటికీ దేశాధినేత ఫొటో. గురవయ్య పెళ్లాం గోపమ్మ ఆ ఫొటోను మల్లన్న పటం పక్కన తగిలించి, బొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగించింది. వీరేశం చూసి మండిపడ్డాడు, ఇది మూఢనమ్మకమన్నాడు. కాసేపాగి, ఆ దేశంలో తాను చూసింది గుర్తొచ్చిందేమో, మెత్తబడ్డాడు. అక్కడ బొట్టు లేదట. మిగతాదంతా ఉందట.

ఆ గోపమ్మకే పెద్ద పదవి దక్కింది. పది గుడిసెలకు ఒక నిఘా బాధ్యురాలు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు ఏం కూర వండారు, ఎవరు గీతం మొదలయ్యాక కూడా పడుకున్నారు, ఇవన్నీ కమిటీకి చెప్పాలి. ఇన్నేళ్లూ ఆమె ఈ సేవ ఉచితంగా, ఏ గుర్తింపూ లేకుండా చేసింది. ప్రతిభను గుర్తించని వ్యవస్థ ఎన్నాళ్లు నిలబడుతుంది! పదవి వచ్చిన మర్నాడే మొగుడి మీద ఫిర్యాదు చేసింది, గీతం వస్తుంటే గురవయ్య బీడీ తాగాడని.

ఆదివారం ఆత్మవిమర్శ సభ. ఎవరి తప్పులు వాళ్లు లేచి చెప్పుకోవాలి. మా వాళ్లకు ఆ పద్ధతి కొత్త కదా, ఎవరి తప్పులు వాళ్లకు తట్టలేదు. పక్కింటివాళ్లవి మాత్రం నోటికొచ్చినన్ని గుర్తొచ్చాయి. నల్లా కాడి తగాదాలన్నీ సైద్ధాంతికమయ్యాయి. బిందె ముందు పెట్టిన ఆమె స్వార్థపరురాలైంది, బిందె తన్నిన ఆమె విప్లవకారిణి అయింది. సభ బ్రహ్మాండంగా విజయవంతమైందని వీరేశం ప్రకటించాడు. మూడు కుర్చీలు విరిగాయి.

తర్వాత గురవయ్య మేకలు ప్రజల మేకలయ్యాయి. మేపడం గురవయ్యే, కాయడం గురవయ్యే. అతిథులొచ్చినప్పుడు ఒకటి పట్టుకుపోవడం కమిటీ. మేక ప్రజలది, కూర నాయకత్వానిది.

ఇంతవరకూ ఎవరికీ పెద్ద నొప్పి లేదు. పేదవాడి తల మీద ఏ టోపీ పెట్టినా ఎండ ఆగితే చాలనుకుంటాడు. అసలు సంగతి ప్రజా భవనంతో మొదలైంది.

భువనగిరి జిల్లా అయ్యాక మా పక్కనుంచి పోయే రోడ్డు వెడల్పయింది. రోడ్డు వెడల్పయ్యేసరికి, అక్కడ మూల జాగా ఒకటి ఉందని వీరేశానికి కనిపించింది. ఇన్నేళ్లుగా అక్కడ బిక్షమ్మ మాత్రమే కనిపించేది. ఆ దేశంతో మైత్రికి గుర్తుగా ఆ మూల మీద ప్రజా భవనం కడతామని, ఆ దేశపు ప్రతినిధి ఒకరు స్వయంగా వచ్చి రాయి వేస్తారని ప్రకటన వెలువడింది. బిక్షమ్మకు బదులు జాగా చూపించారు. కాలనీ చివర, క్వారీ గుంత అంచున. ఆ గుంతలో ఎప్పుడూ నీళ్లే. కిందటి వానాకాలం గురవయ్య మేకపిల్ల అందులో పడితే తాడేసినా అందలేదు. బిక్షమ్మ మనుమరాలు అప్పుడప్పుడే అడుగులేస్తోంది.

తీర్మానం పెట్టారు.

"వ్యతిరేకించేవాళ్లు చెయ్యెత్తున్రి" అన్నాడు వీరేశం.

బిక్షమ్మ ఎత్తింది. మాట్లాడతానంది. మైకు ఇచ్చారు. వీరేశం నా వైపు చూశాడు. నేను మీట నొక్కాను. మీరు తప్పుగా అనుకోవద్దు, నేను సమాచార శాఖ. ఆమె పెదాలు కదలడం మాత్రం అందరూ చూశారు.

"తీర్మానం ఏకగ్రీవం. బిక్షమ్మక్క ఆరోగ్యం బాగలేక సభకు రాలేదు" అని వీరేశం ప్రకటించాడు.

"నేనీడనే ఉన్న గదా" అంది బిక్షమ్మ, మైకు లేకుండానే.

"జర ఆరోగ్యం చూసుకో అక్కా" అన్నాడాయన.

పునాదికి ముగ్గు పోయడానికి వచ్చిన మేస్త్రీని నేనే అడిగాను, ప్రజా భవనం ఎట్లా ఉంటుందని. "కింద రోడ్డు దిక్కు దుకాణాలకు మల్గీలు, మీద ఫంక్షన్ హాలు" అన్నాడు. ఈ ప్రజలెవరో బాగా వ్యాపారస్తుల్లా ఉన్నారనుకున్నాను. అందులో ఒక మల్గీ నా టెంటుహౌసుకు ఇస్తానని వీరేశం మాట ఇచ్చి ఉన్నాడు. కనుక నేను పైకేమీ అనలేదు.

ఇక జెండా సంగతి. పాతిన జెండా పీకినోడు ప్రజాద్రోహి అన్నది ఆయన మాటే కదా. దానికీ ఆయన దగ్గర సిద్ధాంతం ఉంది. బిక్షమ్మ పత్తి చేనుకు పోయిన పగటి పూట, కమిటీ వాళ్లు వెళ్లి జెండా కర్ర ఊడబెరికి క్వారీ అంచున పడేశారు. వీరేశం మైకులో వివరణ ఇచ్చాడు: "మనం జెండాను పీకలేదు. ముందుకు తీసుకుపోయినం."

సాయంత్రం బిక్షమ్మ వచ్చి చూసింది. కప్పు లాగేశారు, గిన్నెలు బయట పడేశారు. పొయ్యి రాళ్లు మూడూ అక్కడే ఉన్నాయి. ఎస్తేరు పిల్లను చంకనేసుకుని రోడ్డు మీద నిలబడి ఏడుస్తోంది.

"ఏడువకే. ఆయన నేర్పిన ఇద్దె ఆయనకు యాదిలేదు. మనకున్నది" అంది బిక్షమ్మ. రాళ్లు మూడూ ఒక సంచిలో వేసుకుంది.

ప్రతినిధి వచ్చే రోజు వచ్చింది. ముందు భువనగిరి టౌనులో వీరేశం ఇంట్లో భోజనం, తర్వాత కాలనీలో శంకుస్థాపన. వీరేశం ఇల్లు మీరు చూడలేదు. రెండంతస్తులు, పాలరాతి మెట్లు, ముందు పచ్చగడ్డి. శ్రామికవర్గం ఎంత ఎత్తుకు ఎదగగలదో చూపించడానికే కట్టుకున్నానని అంటుంటాడు. కాలనీ జనమంతా తలా ఒక ఎర్రజెండాతో వచ్చి గేటు దగ్గర నిలబడి స్వాగతం చెప్పాలని ఉత్తర్వు. జెండా పట్టుకొచ్చిన వారెవరినీ ఆపొద్దని గేటు దగ్గర నిలబడ్డ గోపమ్మకు ఇంకో ఉత్తర్వు. నేను గడ్డి మీద షామియానా వేసి, మైకు పెట్టి, గీతం సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

ప్రతినిధి లోపల తింటున్నాడు. ఆయనతో హైదరాబాదు నుంచి వచ్చిన దుబాసీ అమ్మాయి దీప్తి కూడా ఉంది, ఆ దేశపు భాష చదువుకుందట. అప్పుడు వచ్చింది బిక్షమ్మ. భుజం మీద క్వారీ అంచు నుంచి తెచ్చుకున్న తన జెండా. వెనక ఎస్తేరు, నెత్తిన గిన్నె, చంకలో పిల్ల. గురవయ్య చేతుల్లో నాలుగు గుంజలూ టార్పాలినూ ఉన్నాయి.

"జెండ ఉన్నది గదా" అంది బిక్షమ్మ.

"ఉన్నది. పో" అంది గోపమ్మ. ఉత్తర్వు ఉత్తర్వే.

బిక్షమ్మ గడ్డి నడుమ జెండా పాతింది. గురవయ్య గుంజలు నాటి టార్పాలిను కట్టాడు. సంచిలోంచి మూడు రాళ్లు బయటికొచ్చాయి. వీరేశం గులాబీ మొక్కలకు నీళ్లు పెట్టే నల్లా కిందే గిన్నె నిండింది. పుల్లలు అంటుకున్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. సమాచార శాఖకు ఈ విషయంలో ఏ ఉత్తర్వూ లేదు.

నీళ్లు మసిలే వేళకు ప్రతినిధి మూతి తుడుచుకుంటూ మెట్ల మీదికి వచ్చాడు. ఎదురుగా ఎర్రజెండా. తన గౌరవార్థమే అనుకున్నాడు పాపం, నిటారుగా నిలబడి వందనం చేశాడు. ఆయన చేస్తే వీరేశం చేయాలి. వీరేశం చేస్తే అందరం చేయాలి. నేను గీతం పెట్టాను. గీతం అయ్యేదాకా వీరేశం చెయ్యి నుదుటికే ఉంది, కళ్లు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి.

ప్రతినిధి ఏదో అడిగాడు.

"ఇది ఏం ప్రదర్శన అని అడుగుతున్నారు" అంది దీప్తి.

"మా భూపోరాట చరిత్ర ప్రదర్శన అని చెప్పమ్మా" అన్నాడు వీరేశం చెమట తుడుచుకుంటూ.

"ప్రదర్శన గాదు బిడ్డా, కాపురం. మా జాగ ఈయన తీసుకున్నడు. ఈయన జాగలకు మేమొచ్చినం. ఎసరు గూడ మసిలింది" అంది బిక్షమ్మ.

దీప్తి బుద్ధిమంతురాలు, ఉన్నదున్నట్టు చెప్పింది. ప్రతినిధి కనుబొమ్మలు లేచాయి.

"ఈ ఇల్లు ఎవరిదని అడుగుతున్నారు."

"నాది. నా సొంతం" అన్నాడు వీరేశం. కంగారులో నిజం వచ్చేసింది.

ప్రతినిధి చాలాసేపు మాట్లాడాడు, మెల్లగా, బడిపిల్లవాడికి చెప్పినట్టు. దీప్తి అనువదించింది: "మా దేశంలోనూ నాయకులకు ఇళ్లున్నాయి, ఇంతకంటే పెద్దవి. కానీ ఎవ్వరూ నాది అనరు. ఆ మాట అన్నవాడు మళ్లీ కనిపించడు. మీరు ఇంకా చాలా నేర్చుకోవాలట."

వీరేశం చొక్కా మీద బిళ్ల ఎగిరెగిరి పడింది. వచ్చే ఏడాది యాత్ర, మైత్రీ సంఘం జిల్లా అధ్యక్ష పదవి, ఫొటోలు, అన్నీ కళ్ల ముందు తిరిగి ఉంటాయి. ఒక్క గంతులో వచ్చి నా చేతిలో మైకు లాక్కున్నాడు. ఈసారి ఎవరూ నా వైపు చూడలేదు. నేనూ మీట నొక్కలేదు.

"కామ్రేడ్స్, పొరపాటున అన్న. ఇది నా ఇల్లు కాదు. ఇది ప్రజల ఇల్లు!"

వాడకట్టు మొత్తానికి వినబడింది. అలవాటు ప్రకారం చప్పట్లు మోగాయి. ప్రతినిధి మెచ్చుకోలుగా తలూపాడు.

బిక్షమ్మ కొంగుతో గిన్నె దించింది. "ఇన్నరు గదా. మైకుల చెప్పిండు. ఇంక ఎండల ఎందుకు, లోపటికి నడువున్రి."

"తీర్మానం ఏకగ్రీవమేనా?" అని అడిగాడు గురవయ్య.

అందరూ చేతులెత్తారు. వీరేశం కూడా ఏదో చెప్పబోయి చెయ్యెత్తాడు. దాన్నీ లెక్కలో వేశారు.

తర్వాత జరిగింది నేను కళ్లారా చూశాను. ప్రజలు పాలరాతి మెట్లెక్కారు. ఎస్తేరు కూతుర్ని సోఫాలో పడుకోబెట్టింది. గురవయ్య చల్లగాలి మిషను కింద కాళ్లు చాపాడు. గోపమ్మ నిఘా బాధ్యురాలి హోదాలో వంటింట్లోకి వెళ్లి మూతలన్నీ తీసి చూసి, మొగుణ్ని కేకేసింది.

"ఇగో, మన నల్ల మేక ఈడున్నది."

కూర కూడా ప్రజలదైంది.

ప్రతినిధి మొహం పాలిపోయింది. దీప్తితో గబగబా ఏదో అన్నాడు.

"ఆయన చాలా గాభరా పడుతున్నారు. ప్రజల ఇంట్లోకి ప్రజలు రావడం వాళ్ల దేశంలో ఎప్పుడూ చూడలేదట" అంది దీప్తి. ఇద్దరూ కారెక్కారు. కాలనీకి తీసుకుపోవాల్సిన శంకుస్థాపన రాయి నా షామియానా కిందే ఉండిపోయింది.

కారు మలుపు తిరిగిందో లేదో వీరేశం నా మీద పడ్డాడు. "పోలీసులకు ఫోన్ కొట్టురా శివకృష్ణా."

"ఏమని చెప్పాలన్నా?"

"నా జాగల జెండా పాతిన్రని. వచ్చి పీకేయమని."

"ఎర్రజెండానా?"

ఆయన నా వైపు చూశాడు. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది, ఇంకా పలుకుతూనే ఉంది. లోపల తింటున్న వాళ్లందరి చేతులూ ఆగాయి. బిక్షమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఇన్నేళ్లూ అన్నా అని పిలిచిన మనిషిని అప్పుడు పేరుపెట్టి పిలిచింది.

"వీరేశం, పోలీసులెందుకు బిడ్డా. ఆల్లు నాకు ఎరుకే, మూత తీసి చూసి పోతరు. నా మూల నాకియ్యి. నీ ఇల్లు నీకిస్త. జెండ మాత్రం నేను పీక, నువ్వే పీకాలె. పీకి, తెచ్చి, యాడ పెరికినవో ఆడనే పాతాలె."

ఆయన పీకాడు. భుజానేసుకున్నాడు. బిళ్ల పెట్టుకున్న చొక్కాతోనే, మిట్టమధ్యాహ్నం ఎండలో, టౌను నడుమ నుంచి కాలనీ దాకా నడిచాడు. వెనక జనమంతా నడిచారు. చూసినవాళ్లు, ఇంత వయసులో ఎంత నిబద్ధత అనుకున్నారు. మూల మీద మేస్త్రీ పోసిన ముగ్గు నడుమ గుంత తవ్వి, జెండా పాతి, మట్టి తొక్కాడు. బిక్షమ్మ మూడు రాళ్లు పెట్టింది. ఆ పూట ఎసట్లో బియ్యం కూడా పడ్డాయి. ఎవరింటివని నేను అడగలేదు.

నా మల్గీ పోయింది. మా కాలనీలో ప్రజాస్వామ్యం మళ్లీ అసంపూర్ణమైంది, వచ్చే నెల ఎన్నికలు. గోపమ్మ ఇంట్లో ఆ ఫొటో ఇంకా ఉంది. తీస్తే ఏమవుతుందోనని భయం.

మొన్న కుర్చీలు దించడానికి పోతూ వీరేశం ఇంటి ముందు ఆగాను. విదేశీ అతిథి ముందు మైకులో అన్న మాట, మైత్రీ సంఘం పత్రికలో ఫొటోతో సహా పడింది. ఇక తప్పక గేటుకు బోర్డు పెట్టించాడు, పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో: ఇది ప్రజల ఇల్లు. గేటుకు కొత్త తాళం వేలాడుతోంది. తాళంచెవి ప్రజల దగ్గరుంటే ఎక్కడో పారేస్తారని, ప్రజల తరఫున ఆయనే మొలతాడుకు కట్టుకున్నాడు.